ఎడారి దారికి ప్రయాణం కడదామా?

పిల్లలూ! మీ భూగోళం అట్లాసు తెచ్చుకుని ఉత్తర అమెరికా పటం విప్పండి. పడమటి తీరం వెంట వేలు పెట్టి పైనుంచి కిందికి రండి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా అయిపోయి మెక్సికో దేశం మొదలయ్యే చోట, సన్నగా, పొడుగ్గా, కిందికి వేలాడుతున్న నేల ఒకటి కనిపిస్తుంది. చూడటానికి ఎండిన చిక్కుడుకాయలాగా ఉంటుంది. దానికి ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం. రెండో పక్క కాలిఫోర్నియా సింధుశాఖ. ఆ నేల పేరు బాహా కాలిఫోర్నియా. స్పానిష్ భాషలో బాహా అంటే దిగువ అని అర్థం. దిగువ కాలిఫోర్నియా అన్నమాట.

దీని పొడవు 1,200 కిలోమీటర్ల పైచిలుకు. వెడల్పు మటుకు కొన్నిచోట్ల నలభై కిలోమీటర్లు మాత్రమే. ఇందులో చాలా భాగం ఎడారి. ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొస దాకా ఒకే ఒక పెద్ద రోడ్డు ఉన్నది. తిహువానా అనే ఊళ్ళో మొదలై, ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికీ, ఆ సముద్రం నుంచి ఈ సముద్రానికీ మెలికలు తిరుగుతూ, కాబో సాన్ లూకాస్ అనే ఊళ్ళో ఆగుతుంది. మొత్తం 1,711 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి రోడ్డుమీద వెళ్ళేదానికన్నా ఇంకా దూరం!

ఈ నెల మనం అక్కడికి కారులో ప్రయాణం కడదాం. నిజంగా బయలుదేరడం ఎప్పటి మాటో! కాని బయలుదేరడానికి ముందు చెయ్యవలసిన పని చాలా ఉన్నది. దానికి కారు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పటం, పెన్సిలు, నోటుపుస్తకం ఉంటే చాలు. అమ్మనూ నాన్ననూ కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. లెక్కలు సరిచూడడానికి పనికివస్తారు.

పటాన్ని ఎంతవరకు నమ్మాలి?

ముందుగా ఒక తమాషా సంగతి చెప్పాలి. స్పెయిన్ దేశపు నావికులు ఈ నేలను మొట్టమొదట చూసినప్పుడు ఇదొక దీవి అనుకున్నారు. ఆ రోజుల్లో స్పెయిన్‌లో అందరూ చదివే ఒక కథల పుస్తకంలో కాలిఫోర్నియా అనే దీవి ఉండేది. అది బంగారంతో నిండిన దీవి అని కథ. ఆ పేరే దీనికి వచ్చింది. 1539 లో ఫ్రాన్సిస్కో దె ఉల్లోవా అనే నావికుడు సింధుశాఖ వెంట పైదాకా వెళ్ళి, అక్కడ దారి మూసుకుపోయిందనీ, ఇది దీవి కాదు, ద్వీపకల్పమనీ కనుక్కున్నాడు. అయినా ఆ తరువాత వంద ఏళ్ళకు కూడా పటాలు గీసేవాళ్ళు దీన్ని దీవిగానే గీశారు! చివరకు 1747 లో స్పెయిన్ రాజు, కాలిఫోర్నియా దీవి కాదని ఆజ్ఞ జారీ చెయ్యవలసి వచ్చింది.

దీన్నిబట్టి మనం తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది. పటం మంచి నేస్తమే, కాని అన్నీ చెప్పదు. ఇప్పటి పటంలో ఈ రోడ్డు ఎర్రని గీతలాగా నున్నగా కనిపిస్తుంది. ఆ గీతమీద నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? పెట్రోలు ఎక్కడ దొరకదు? చీకటి పడితే ఏమవుతుంది? ఇవి పటంలో ఉండవు. వీటిని మనమే అడిగి తెలుసుకుని, నోటుపుస్తకంలో రాసుకోవాలి. ప్రయాణం కట్టడమంటే ఇదే.

ఎడారి ఎందుకైంది?

రెండు పక్కలా సముద్రం ఉన్న నేల ఎడారి ఎలా అయిందని మీకు సందేహం రావచ్చు. నీళ్ళకు కరువేమిటి అనిపిస్తుంది కదా!

పసిఫిక్ సముద్రంలో ఈ తీరం పక్కగా ఉత్తరం నుంచి ఒక చల్లని ప్రవాహం వస్తున్నది. చల్లని నీటి మీద ఉండే గాలి కూడా చల్లగా, బరువుగా ఉంటుంది. అది పైకి లేవదు. గాలి పైకి లేస్తేనే మేఘాలు కట్టి వాన పడుతుంది. అందుచేత ఇక్కడ పొద్దున్నే దట్టమైన మంచు కమ్ముతుంది గాని, వాన పడదు. మన రాయలసీమలో అనంతపురం జిల్లా వానలు తక్కువ పడే చోటని పేరు పొందింది. అక్కడ కూడా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ ద్వీపకల్పం నడిమి భాగంలో ఏడాది మొత్తానికి 100 మిల్లీమీటర్లు కూడా పడని చోట్లు ఉన్నాయి.

ఎప్పుడు బయలుదేరాలి?

వేసవి వద్దు. ఎడారిలో ఎండ భరించడం కష్టం. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా దక్షిణపు కొసన తుఫానుల భయం ఉన్నది. 2014 సెప్టెంబరులో ఓడిల్ అనే తుఫాను కాబో సాన్ లూకాస్ ప్రాంతాన్ని అల్లకల్లోలం చేసింది. బంగాళాఖాతపు తుఫానులు ఎరిగిన కోస్తా పిల్లలకు దీన్ని గురించి వేరే చెప్పనక్కర్లేదు.

నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. అందులోనూ ఫిబ్రవరి అయితే మరీ మంచిది. ఎందుకో తరువాత చెబుతాను. అయితే చలికాలంలో పగలు చిన్నది. మనం వెలుతురు ఉన్నప్పుడే ప్రయాణం చెయ్యాలి. ఈ మాటకు కింద గీత గీసుకోండి.

రాత్రి ఎందుకు వెళ్ళకూడదు? రోడ్డు ఇరుకు. ఒకటి ఇటు, ఒకటి అటు, రెండు బండ్లు పట్టేంతే ఉంటుంది. చాలాచోట్ల రోడ్డు అంచున దిగడానికి జాగా కూడా ఉండదు. అదీగాక పొలాలకు కంచెలు లేని చోట్ల ఆవులు రోడ్డెక్కుతాయి. నల్ల ఆవు చీకట్లో కారు దీపాలకు దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. ఆ దేశంలో రోడ్డెరిగిన వాళ్ళందరూ చెప్పే మొదటి మాట ఇదే: పొద్దు గూకకముందే ఊరు చేరండి.

గంటకు సరాసరి 60 కిలోమీటర్లు వేసుకోండి. పొద్దున ఎనిమిదికి బయలుదేరి, మధ్యాహ్నం మూడుకల్లా ఆగితే ఏడు గంటలు. తిండికీ, విశ్రాంతికీ, చూడవలసినవి చూడటానికీ ఒక గంట తీసెయ్యండి. మిగిలింది ఆరు గంటలు. ఆరు అరవైలు మూడువందల అరవై. అంటే రోజుకు 360 కిలోమీటర్లకు మించి రాసుకోకూడదు.

నీరు చూపించిన దారి

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన లెక్కకు వద్దాం.

ఈ ద్వీపకల్పంలో వేల ఏళ్ళుగా మనుషులు ఉండేవారు. నడిమి భాగంలో ఉండేవాళ్ళను కొచిమీలు అంటారు. వాళ్ళు పంటలు పండించలేదు. వేటాడి, చేపలు పట్టి, జెముడు చెట్ల పళ్ళు ఏరుకుని బతికారు. ఒకచోట నీళ్ళు అయిపోతే మరొకచోటికి నడిచారు. మన కొండలమీద రాతిలో దొనలు ఉంటాయి చూడండి, అలాంటివి అక్కడా ఉన్నాయి. వాన పడ్డప్పుడు వాటిలో నీళ్ళు నిలుస్తాయి. ఏ కొండలో ఏ దొన ఉన్నదో, అందులో నీళ్ళు ఎన్నాళ్ళు ఉంటాయో వాళ్ళకు తెలుసు. వాళ్ళ పటం వాళ్ళ తలలోనే ఉండేది.

1697 లో జెసూట్ పాద్రీలు లొరేతో అనే చోట మొదటి స్థిరమైన మిషన్ కట్టారు. తరువాత ములెహేలో, సాన్ ఇగ్నాసియోలో, ఇంకా అనేకచోట్ల కట్టారు. ఆ చోట్లనే ఎందుకు కట్టారు? అక్కడ ఊటలున్నాయి గనక. ఆ ఊటల సంగతి వాళ్ళకు తెలిపింది ఆ నేలమీద పుట్టి పెరిగినవాళ్ళే. మిషన్ నుంచి మిషన్‌కు కాలిదారి పడింది. ఆ దారులను అనుసరించి ఊళ్ళు వచ్చాయి. ఆ ఊళ్ళను కలుపుతూ 1973 లో ఇప్పటి తారురోడ్డు పూర్తి అయింది. మన కారు ఆగబోయే ఊళ్ళలో సగం ఒకనాటి నీటిరేవులే.

కాని ఒక విచారకరమైన సంగతి కూడా చెప్పాలి. వచ్చినవాళ్ళతో పాటు మశూచి, తట్టు వంటి రోగాలు కూడా వచ్చాయి. వాటిని ఎరగని కొచిమీలు ఊళ్ళకు ఊళ్ళు చనిపోయారు. వాళ్ళ భాష మాట్లాడేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. దొనల గుర్తులన్నీ తలలో పెట్టుకున్న ఆ మనుషులు పోవడంతో, ఎంత తెలివి పోయిందో లెక్క కట్టలేము. అందుకే మనం నోటుపుస్తకం నింపుకోవలసి వస్తున్నది!

లెక్క వెయ్యండి. ఎడారిలో ఒక మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్ళు కావాలి. మనం నలుగురం. దారిలో కారు ఆగిపోయి సహాయం రావడానికి మూడు రోజులు పట్టిందనుకోండి. నాలుగు నాలుగులు పదహారు, పదహారు మూళ్ళు నలభై ఎనిమిది. రేడియేటరుకూ, చేతులు కడుక్కోవడానికీ ఇంకో పన్నెండు. మొత్తం 60 లీటర్లు. ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది గనక, ఇది 60 కిలోల బరువు. కారులో ఇంకొక పెద్దమనిషి కూర్చున్నట్టే! అయినా దింపకూడదు. సామాను తగ్గించుకోవలసి వస్తే బట్టలు తగ్గించండి, నీళ్ళు తగ్గించకండి. అన్ని నీళ్ళూ ఒకే డబ్బాలో పొయ్యకండి. అది కారితే మొత్తం పోతుంది. ఆరు డబ్బాల్లో పదేసి లీటర్లు పొయ్యండి.

పెట్రోలు లెక్క

మన కారు టాంకీలో 45 లీటర్లు పడుతుందనుకుందాం. మామూలు రోడ్డుమీద లీటరుకు 12 కిలోమీటర్లు వెళుతుందట. నలభై అయిదు పన్నెండులు 540. బాగానే ఉన్నది కదా! కాని మనకు నలుగురు మనుషులు, 60 కిలోల నీళ్ళు, ఇంకా సామాను ఉన్నాయి. కొండ ఎక్కాలి, ఎదురుగాలి వీస్తుంది. లీటరుకు 9 కిలోమీటర్లే వచ్చిందనుకోండి. అప్పుడు టాంకీ నిండా పోసినా 405 కిలోమీటర్లే వెళతాము.

ఇప్పుడు పటం చూడండి. ఎన్సెనాదా ఊరినుంచి ఎల్ రొసారియో అనే చిన్న ఊరికి సుమారు 250 కిలోమీటర్లు. ఎల్ రొసారియో దాటితే గెర్రేరో నేగ్రో ఊరి పరిసరాలు చేరేదాకా, అంటే 300 కిలోమీటర్ల పైన, నమ్మదగిన పెట్రోలు బంకు లేదు.

ఎన్సెనాదాలో టాంకీ నింపిన ఒకాయన ఎల్ రొసారియో దగ్గర ముల్లు చూసి, “ఇంకా మూడో వంతు పైన ఉన్నదిగా, ముందుకు పోదాం” అన్నాడనుకోండి. ఆయన కారు ఎక్కడ ఆగుతుంది? 405 లోంచి 250 తీసివేస్తే 155. ఎల్ రొసారియో నుంచి 120 కిలోమీటర్ల దూరంలో కతవీన్యా అనే చిన్న పల్లె ఉన్నది. అది దాటి ఇంకో 35 కిలోమీటర్లు వెళ్ళి, నట్టనడి ఎడారిలో ఆగుతుంది. అక్కడ ఫోను కూడా పనిచెయ్యదు.

కతవీన్యాలో పీపాలలో పెట్రోలు తెచ్చి అమ్మేవాళ్ళు రోడ్డు పక్కన కూర్చుని ఉంటారు. వాళ్ళు ఉంటే సంతోషమే. కాని ఎవరో ఒకరు ఉంటారులే అని ప్రయాణం కట్టకూడదు. టాంకీ సగమైతే ఖాళీ అయినట్టే లెక్క. ఎల్ రొసారియో పేరు చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టండి.

ఇంకా ఏమేమి కావాలి?

గాలి సరిగా ఉన్న స్టెప్నీ, జాకీ, టైరుకు గాలి కొట్టే పంపు, టార్చిలైటు, కాగితం మీద అచ్చయిన పటం, దెబ్బలకు మందులు, దుప్పట్లు. ఎడారిలో పగలు ఎండగా ఉన్నా రాత్రి గజగజ వణికిస్తుంది. చిన్న ఊళ్ళలో ఖర్చుకు మెక్సికో డబ్బు పేసోలు చిల్లరగా దగ్గర ఉండాలి. పాస్‌పోర్టులు, దేశంలోకి రావడానికి అనుమతి కాగితం, మెక్సికోలో చెల్లే కారు బీమా ఉండాలి. అమెరికాలో చేయించిన బీమా అక్కడ చెల్లదు. మీ బాబాయో, మేనమామో కాలిఫోర్నియాలో ఉండి, తన కారులో తీసుకువెళతానంటే ముందుగా ఈ సంగతి గుర్తుచెయ్యండి.

రోడ్డుమీద పాటించవలసినవి కూడా రాసుకోండి.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ముందు పోతున్న లారీ డ్రైవరు ఎడమవైపు దీపం వెలిగించి ఆర్పుతున్నాడంటే, దారి బాగున్నది, దాటిపొమ్మని చెబుతున్నాడేమో! మన లారీ డ్రైవర్లు చెయ్యి ఊపి దారి ఇచ్చినట్టే. కాని అతను నిజంగా ఎడమవైపుకు తిరగబోతూ ఉండవచ్చు కూడా. అందుచేత మన కళ్ళతో మనం చూసుకునే దాటాలి.

“వాదో” అని రాసిన పలక కనిపిస్తే, అక్కడ రోడ్డు ఎండిన వాగులోకి దిగి మళ్ళీ ఎక్కుతుందని అర్థం. మామూలుగా అందులో ఇసుకే ఉంటుంది. కాని ఎక్కడో కొండల్లో వాన పడితే ఉన్నట్టుండి వరద వస్తుంది. నీళ్ళు పారుతుంటే దిగకండి. తగ్గేదాకా ఆగండి. మన పల్లెల్లో వాగులు పొంగినప్పుడు పెద్దవాళ్ళు చెప్పేది కూడా ఇదే.

దారిలో సైనికులు బండ్లు ఆపి సోదా చేస్తారు. భయపడనక్కర్లేదు. అడిగినదానికి మర్యాదగా జవాబు చెబితే పంపించివేస్తారు.

కారు ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. ఎడారిలో మనిషి కనిపించడు, కారు కనిపిస్తుంది. నీడన కూర్చుని దారిన పోయేవాళ్ళకోసం చూడండి. మెక్సికో ప్రభుత్వం వారి ఆకుపచ్చ బండ్లు పెద్ద రోడ్లమీద తిరుగుతూ, చెడిపోయిన కార్లవాళ్ళకు సాయం చేస్తాయి. వాటిని “ఆకుపచ్చ దేవదూతలు” అంటారు.

ఇక బయలుదేరదాం

మొదటి రోజు తిహువానా నుంచి సాన్ కింతీన్‌కు సుమారు 300 కిలోమీటర్లు. సముద్రం పక్కనే చాలాదూరం ప్రయాణం. తేలిక రోజు.

రెండో రోజు ఎల్ రొసారియోలో టాంకీ మూతదాకా నింపి, కతవీన్యా చేరాలి. సుమారు 180 కిలోమీటర్లే. ఇంత తక్కువ ఎందుకంటే ఈ రోజు చూడవలసింది చాలా ఉన్నది. ఎల్ రొసారియో దాటి రోడ్డు కొండ ఎక్కగానే వింత చెట్లు కనిపిస్తాయి. తలకిందులుగా పాతిన ముల్లంగి దుంపల్లాగా, కింద లావుగా, పైకి సన్నగా, ఒక్కొక్కటి తాటిచెట్టంత ఎత్తు! వీటిని అక్కడ సీరియో అంటారు. కొవ్వొత్తి అని అర్థం. వాన పడ్డ కొద్దిరోజులకే వీటికి చిన్న చిన్న ఆకులు వస్తాయి. నీరు ఆవిరి కాకుండా, తడి ఆరగానే ఆకులు రాల్చేస్తాయి. ఇవి దాదాపుగా ఈ ద్వీపకల్పంలోనే పెరుగుతాయి.

వాటి పక్కనే కార్దోన్ అనే జెముడు చెట్లు ఉంటాయి. ప్రపంచంలో ఉన్న జెముడు జాతులన్నిటిలోకీ ఇంత ఎత్తు పెరిగేవి లేవు. దాని కాండానికి హార్మోనియం తిత్తికి ఉన్నట్టు మడతలు ఉంటాయి. వాన పడ్డప్పుడు నీరు తాగి మడతలు విచ్చుకుంటాయి, కరువులో ముడుచుకుంటాయి. మన చేలగట్లమీద పెరిగే నాగజెముడు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినదే. ఇక్కడ దాని చుట్టాలను చూస్తున్నామన్నమాట. కతవీన్యా దగ్గర ఇళ్ళంత పెద్ద బండరాళ్ళు గుట్టలుగా పడి ఉంటాయి. అక్కడొక చిన్న గుహలో పూర్వులు రంగులతో వేసిన బొమ్మలున్నాయి. చూడండి, కాని ముట్టుకోకండి.

మూడో రోజు గెర్రేరో నేగ్రో. సుమారు 235 కిలోమీటర్లు. ఊరికి ముందే 28వ అక్షాంశం దగ్గర ఉక్కుతో కట్టిన ఎత్తయిన డేగ చిహ్నం కనిపిస్తుంది. ఉత్తరపు రాష్ట్రం ఇక్కడ అయిపోయి, దక్షిణపు రాష్ట్రం మొదలవుతుంది. చలికాలంలో ఇక్కడ గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. నాలుగు గంటలకు చేరామనుకుంటే అయిదయి ఉంటుంది. ఆ గంట కూడా లెక్కలో వేసుకోవాలి మరి!

గెర్రేరో నేగ్రో అంటే నల్ల యోధుడు. ఈ తీరాన 1858 లో మునిగిపోయిన తిమింగిలాల వేట ఓడ పేరు అది. ఇక్కడి ఉప్పుమళ్ళు ప్రపంచంలోకెల్లా పెద్దవని పేరు. నౌపడ ఉప్పుమళ్ళు చూసిన శ్రీకాకుళం పిల్లలు వాటిని కనుచూపు మేర సాగదీసి ఊహించుకోండి.

ఫిబ్రవరిలో రమ్మన్నది ఎందుకో ఇప్పుడు చెబుతాను. నాలుగో రోజు ప్రయాణం లేదు. పడవ ఎక్కి, ఊరి పక్కనున్న సముద్రపు కయ్యలోకి వెళ్ళాలి. బూడిదరంగు తిమింగిలాలు ఉత్తర ధ్రువం దాపులనున్న చల్లని సముద్రాల నుంచి, ఏటా చలికాలంలో ఇక్కడికి వచ్చి పిల్లలను పెడతాయి. రానుపోను 16,000 కిలోమీటర్ల పైన ఈదుతాయి. ఏ బంకూ లేదు, ఏ సత్రమూ లేదు! వేసవిలో పెంచుకున్న కొవ్వే వాటి దారిబత్తెం.

1857 లో చార్లెస్ స్కామన్ అనే కప్తాను ఈ కయ్యను కనిపెట్టాడు. అప్పటినుంచి వేటగాళ్ళు వచ్చి తల్లులనూ పిల్లలనూ చంపారు. పిల్లను కాపాడుకోవడానికి తల్లులు పడవలమీద తిరగబడేవి. అందుకని వాటికి దయ్యపు చేపలని పేరు పెట్టారు. జాతి అంతరించే స్థితికి వచ్చింది. తరువాత దేశాలన్నీ కలిసి వేట మానిపించాయి.

ఇక్కడికి దక్షిణాన సాన్ ఇగ్నాసియో కయ్య అని ఇంకొకటి ఉన్నది. అక్కడ 1972 లో పాచికో మయోరాల్ అనే జాలరి చేపలు పడుతుంటే ఒక తిమింగిలం అతని చిన్న పడవ పక్కకు వచ్చి నిలబడింది. జాలరులందరూ వాటిని చూస్తే పారిపోయేవాళ్ళే. అది ఎంతకూ కదలలేదు. చివరకు అతను భయపడుతూనే చెయ్యి చాపి దాన్ని ముట్టుకున్నాడు. అది ఏమీ చెయ్యలేదు. దయ్యపు చేప కథ ఆనాటితో పోయింది. ఇప్పుడు ఆ జాలరుల కుటుంబాలే యాత్రికులను పడవల్లో తీసుకువెళ్ళి చూపిస్తున్నాయి. తల్లి తిమింగిలం తన బిడ్డను పడవ దగ్గరకు తెచ్చి చూపించడం కూడా కద్దు. అయితే 2019 తరువాత వీటి సంఖ్య మళ్ళీ బాగా తగ్గింది. ఉత్తరపు సముద్రాలు వేడెక్కి వాటికి తిండి తగ్గిందని శాస్త్రజ్ఞులు అంటున్నారు.

అయిదో రోజు సుమారు 275 కిలోమీటర్లు నడిచి ములెహే చేరాలి. దారిలో సాన్ ఇగ్నాసియో వస్తుంది. బూడిదరంగు కొండల మధ్య ఉన్నట్టుండి వేలకొద్దీ ఖర్జూరపు చెట్లు! ఇవి పాద్రీలు తెచ్చి నాటినవాటి సంతతి. చెట్లనీడన నిజమైన మడుగు ఉన్నది. ఎడారి దాటి వచ్చాక నీళ్ళంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. దీనికి ఉత్తరంగా ఉన్న కొండ గుహల్లో మనిషికన్నా పెద్ద బొమ్మలున్నాయి. వేల ఏళ్ళ నాటివి. వాటిని చూడాలంటే ముందుగా అనుమతి తీసుకుని, దారి చూపేవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాలి. అక్కడినుంచి రోడ్డు “నరకపు దిగుడు” అనే ఏటవాలు మీదుగా సింధుశాఖ ఒడ్డుకు దిగుతుంది. బ్రేకులు వేడెక్కకుండా తక్కువ గేరులో దిగాలి. ములెహేలో పాత జైలు ఒకటి ఉన్నది. ఖైదీలను పగలు ఊళ్ళోకి పనికి పంపేవాళ్ళట. సాయంత్రం శంఖం ఊదగానే అందరూ తిరిగి వచ్చేవాళ్ళట. చుట్టూ ఎడారి. పారిపోతే నీళ్ళెక్కడివి?

ఆరో రోజు లొరేతో, 135 కిలోమీటర్లు. ఏడో రోజు లా పాస్, సుమారు 355 కిలోమీటర్లు. ఇదే మన పెద్ద రోజు; పెందరాళే లేవాలి. ఎనిమిదో రోజు విశ్రాంతి. తొమ్మిదో రోజు కర్కటరేఖ దాటి, కాబో సాన్ లూకాస్‌లో నేల కొస. అక్కడ సముద్రంలో రాతి తోరణం ఉన్నది. రెండు సముద్రాలు దాని దగ్గర కలుసుకుంటాయి.

అయిపోయిందా? లేదు! పెద్దవాళ్ళు కూడా మరిచిపోయే సంగతి ఇది. తిరిగి రావద్దూ? వచ్చిన దారినే పోదాం. మళ్ళీ 1,711 కిలోమీటర్లు. ఈసారి పెట్రోలు లెక్క తిరగబడుతుంది. ఎర్ర సున్నా ఎల్ రొసారియోకు కాదు, గెర్రేరో నేగ్రోకు చుట్టాలి.

ఈ ప్రయాణం మీరు ఎప్పుడు చేస్తారో చెప్పలేము. కాని ఈ సెలవుల్లో అమ్మమ్మగారి ఊరికో, తిరుపతికో వెళుతున్నారనుకోండి. ఈసారి ఏర్పాట్లు నాన్నకు వదిలెయ్యకండి. పటం విప్పి, ఎంత దూరమో, ఎన్ని గంటలో, నీళ్ళెన్ని కావాలో, ఎక్కడ ఆగాలో మీరే రాయండి. రాసింది నాన్నకు చూపించి తప్పులు దిద్దించుకోండి. ఇంటికి తిరిగివచ్చాక, అనుకున్నదేమిటో, జరిగిందేమిటో పక్కపక్కనే రాసుకోండి. బాహా కాలిఫోర్నియాకు మొదటి మజిలీ అదే.